పదకొండోవాడి జవాబు

1870 ఆగస్టు 22, సోమవారం

మనుషులు ఈమధ్య నోట్లో నోట్లో మాట్లాడడం మరిగారు. నేను లాయరుగా ఉన్న రోజుల్లో సాక్షి అన్నవాడు కోర్టు వెనక గోడకి తగిలేలా చెప్పేవాడు. ఇప్పుడు మగవాళ్ళు గడ్డంలోకి గొణుగుతారు, ఆడవాళ్ళు చేతిరుమాల్లోకి. ఇవాళ కోర్టు మళ్ళీ తెరిచాం. గుర్రం దొంగతనం ఒకటి, పొలం గట్టు తగాదా ఒకటి. రెండూ భోజనానికి ముందే తేల్చేశాను. జడ్జి హాస్కిన్ కోర్టులో కాలం వృథా కాదని పత్రికలో మళ్ళీ రాస్తారు.

ప్రూయిట్ బాగా అలవాటుపడ్డాడు. కోర్టు గుమాస్తా కాబట్టి సరిగ్గా నా కిందే కూచుంటాడు. వాడి చేతులు నాకు తప్ప ఇంకెవరికీ కనిపించవు. కలం నిలబెట్టాడంటే లాయరు అభ్యంతరం చెప్పాడని. అడ్డంగా పడుకోబెట్టాడంటే సాక్షి చెప్పడం అయిపోయిందని. ఒక వేలు అవును, రెండు వేళ్ళు కాదు. దీని గురించి మేమిద్దరం ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు. ఏణ్ణర్థంగా దానంతట అదే నడుస్తోంది.

అక్టోబరు పదకొండున ఎన్నిక. రాష్ట్రంలోకల్లా పెద్ద కోర్టుకి నలుగురు జడ్జీలు కావాలి. మా పార్టీ నిలబెట్టిన నలుగురిలో నా పేరు రెండోది. అక్కడ సాక్షులుండరు. లాయర్లు రాసిచ్చిన కాగితాలు చదివి తీర్పు రాయడమే పని. అక్కడికి చేరితే ఇంక ఎవడి గొణుగుడుతోనూ నాకు పనిలేదు.

ఏడు వారాలు.

ఆగస్టు 25

లూయీవిల్ డాక్టరు ఇచ్చిన చుక్కల మందు అయిపోయింది. కుడిచెవి సంగతి సరే. ఎడమది జలుబు వల్లే. ఈ చెమ్మగాలి తగ్గితే సర్దుకుంటుంది. అక్కడ నా పేరు మిల్‌ఫర్డ్ అనీ, విత్తనాల వ్యాపారమనీ చెప్పాను. మందు కోసం మళ్ళీ వెళ్ళాలంటే ఎన్నిక అయ్యాకే.

ఆగస్టు 29, సోమవారం

టిల్మన్ రూక్ మీద హత్య కేసు మొదలైంది. ఒడ్డున ఆగే స్టీమర్లకి కట్టెలు కొట్టి అమ్ముకునేవాడు. చచ్చినవాడు పందుల వ్యాపారి గార్లండ్ వోస్. వోస్ పందులు రూక్ మొక్కజొన్నలో పడ్డాయి. రూక్ రెండింటిని కాల్చేశాడు. ఆ తర్వాత సంతలో పదిమంది ముందూ, "మూడో గుండు నీకే" అన్నాడు. పది రోజులకి వోస్ వాగు పక్కన తల పగిలి పడివున్నాడు. సంజెవేళ వాగు అవతలి నుంచి ఒక ముసలామె నీలంకోటు మనిషిని చూసింది. రూక్‌కి నీలంకోటుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రతివాడికీ ఆ కోటే ఉందని రూక్ తరఫు లాయరు క్రేన్ అన్నాడు. నాకు వీపుపెట్టి జ్యూరీతో అన్నాడని ప్రూయిట్ రాతలో ఉంది.

ముసలామె సాక్ష్యం గంటన్నర సాగింది. ఆమె టోపీ అంచు పెదాలమీదకి వాలివుంది. నేను మధ్యమధ్య తలూపాను.

సెప్టెంబరు 1

ఇవాళ జ్యూరీ లోపలికి వెళ్ళింది. పన్నెండుమందీ ఒక్కమాట మీదికి రావాలి. వాళ్ళ కోసం కాచుకుని కూచుంటే కానర్డ్ ఆల్ట్ గుర్తొచ్చాడు.

ఇరవయ్యెనిమిదేళ్ళ కిందటి సంగతి. నాకు ఇరవయ్యేడు. ఆల్ట్ తరఫున వాదించిందే నా మొదటి హత్య కేసు. జ్యూరీ పెద్ద లేచి దోషి అన్నాడు. వెనక వరసలో ఒకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అడగాలని నాకూ తోచలేదు. ఆల్ట్‌ని ఉరితీశారు. మూడు వారాల తర్వాత ఆ మనిషి పిండిమర దగ్గర నా కోటు పట్టుకుని, "నన్ను విడిగా అడిగుంటే కాదని చెప్పేవాణ్ణి లాయరుగారూ" అన్నాడు.

ఆ ఒక్క మాటా పట్టుకుని జిల్లా అంతా తిరిగాను. అదే నన్ను శాసనసభకి పంపింది. అక్కడ రెండో ఏడే చట్టం తెచ్చాను. ముద్దాయి కోరితే జడ్జి స్వయంగా, నిండు కోర్టులో, పన్నెండుమందినీ ఒక్కొక్కరినే అడగాలి. ఒక్కడు కాదన్నా ఆ తీర్పు చెల్లదు. రాష్ట్రమంతా దాన్ని హాస్కిన్ చట్టం అంటారు. నా సమాధిమీద ఇంకేమీ చెక్కక్కర్లేదు.

సెప్టెంబరు 3, శనివారం

మూడింటికి జ్యూరీ బయటికొచ్చింది. దోషి.

క్రేన్ లేచి నా చట్టం కింద ఒక్కొక్కరినీ అడగమన్నాడు. క్రేన్‌ది పెద్ద గొంతు. వాడు లేస్తే నాకు హాయిగా ఉంటుంది. అదే సమయానికి వాన అందుకుంది. చెక్కపెంకుల కప్పు కదా, కంకర దొర్లించినట్టు ఒకటే మోత. కోర్టులో ఎవరికీ ఏమీ వినిపించి ఉండదు. అయినా పద్ధతి ప్రకారం అడిగాను. ఇది నీ తీర్పేనా. ఇది నీ తీర్పేనా. పదకొండోవాడు ఎనోస్ టటిల్, తేనెటీగలు పెంచుకునే మనిషి. గడ్డం రొమ్ముదాకా ఉంటుంది. తల వంచుకునే జవాబు చెప్పాడు. అవునన్నాడు. పన్నెండోవాడు వ్యాపారస్తుడు, చక్కగా తలెత్తి చెప్పాడు.

పన్నెండుమందీ అవునన్నారు. ప్రూయిట్ రాసుకున్నాడు. వాడి చేతికేసి చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

పన్నెండుమందీ అవునన్నారు. మొత్తం ఆరు నిమిషాలు. నా భార్య ఆర్మిల్డా ముందు బెంచీలో కూచుని ఉంది. నేను బయటికొచ్చేసరికి లేదు.

సెప్టెంబరు 4

చర్చిలో ఆర్మిల్డా నా పక్కన కూచోలేదు. తలనొప్పిట.

సెప్టెంబరు 7, బుధవారం

పొద్దున కాఫీ తాగుతుంటే ఎనోస్ టటిల్ వచ్చాడు. జ్యూరీలో కూచున్నవాడు కేసు సంగతి జడ్జి ఇంటికొచ్చి మాట్లాడకూడదని చెప్పి పంపేద్దును. ఈలోగా ఆర్మిల్డా లోపలికి పిలిచి కుర్చీ వేసేసింది. వేసి అతని వెనకే నిలబడింది. ఇంటికెవరొచ్చినా ఆమె నిలబడే చోటు అదే. వచ్చినవాడి మాటల్ని గొంతు లేకుండా పెదాలతో నాకు అందిస్తుంది. ఇది కూడా మేం ఎన్నడూ అనుకోని ఏర్పాటే.

గడ్డం కదిలింది. ఆర్మిల్డా పెదాలు కదిలాయి.

"జడ్జిగారూ, నేను కాదని చెప్పానండి."

"ఏమిటి కాదని?"

"ఇది నీ తీర్పేనా అన్నారు కదండీ. కాదండి, రెండు రోజులుగా వాళ్ళు పదకొండుమందీ నామీద పడ్డారు, ఇళ్ళకి పోవాలని, అందుకని ఊరుకున్నాను గానీ నా తీర్పు కాదండి అని చెప్పాను. మీరు నా మొహంలోకి చూశారు. చూసి తలూపి, తరవాతివాడు అన్నారు."

నేను కాఫీ కప్పు కింద పెట్టాను.

"అలా చెప్పకూడదేమో, చెప్పినా లెక్కలోకి రాదేమో అనుకున్నానండి. చదువుకున్నవారు మీరు. నాలుగు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని, ఎందుకైనా మంచిదని అడుగుదామని వచ్చాను. అది లెక్కలోకి రాదాండీ?"

నేను అతని గడ్డాన్నే చూస్తూ, "మిస్టర్ టటిల్, మీరు అవునన్నారు. రికార్డులో ఉంది" అన్నాను.

"నేను కాదన్నానండి."

"ఈ నాలుగు రోజుల్లో మీతో ఎవరెవరు మాట్లాడారు? రూక్ పెళ్ళామొచ్చిందా?"

అతను లేచి నిలబడ్డాడు. టోపీ రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. ఆర్మిల్డా వైపు చూశాను. ఆమె పెదాలు కదల్లేదు. మూసుకుని, నన్ను చూస్తూ నిలబడింది. అతను చెప్పడం ముగించి వెళ్ళిపోయాక, "ఏమన్నాడు?" అన్నాను.

"మీరు విన్నారుగా" అంది.

సెప్టెంబరు 8

ప్రూయిట్‌ని గదిలోకి పిలిచి తలుపేశాను. మొదటిసారి ఆ సంగతి పైకి మాట్లాడుకున్నాం.

"ఎనోస్ టటిల్ పేరు పక్కన ఏం రాశావు?"

"అవునని రాశాను జడ్జిగారూ."

"వాడు ఏమన్నాడు?"

ప్రూయిట్ తన గోళ్ళు చూసుకున్నాడు. తర్వాత నాకు బాగా కనిపించేలా మొహం ఎత్తి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "వాడు కాదనే అన్నాడండి. నేను రెండు వేళ్ళు చూపించాను. మీరు చూశారు. చూసి, తరవాతివాడు అన్నారు. ఏదో ఆలోచించే అన్నారనుకుని అవునని రాసుకున్నా."

"నేను చూడలేదు."

"సరేనండి."

"వాన పడుతోంది. నేను జ్యూరీవైపు చూస్తున్నాను. నీ చేతికేసి చూడలేదు."

"సరేనండి. రికార్డు మార్చమంటారా? మారిస్తే ఎందుకు మార్చామో రాయాలి. ఆ వేళ్ళ సంగతీ రాయాలి. ఏణ్ణర్థం నుంచీ రాయాలి." ఆగాడు. "పెద్ద కోర్టులో గుమాస్తా ముసలాడైపోయాడట. మీరెళ్ళాక అక్కడికి నమ్మకమైన మనిషి కావాల్సొస్తుందేమో."

రికార్డు అలాగే ఉండనిమ్మన్నాను.

సెప్టెంబరు 9

నేను చూడలేదు.

సెప్టెంబరు 10, శనివారం

ఆర్మిల్డా భోజనాల దగ్గర నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది. "సోమవారం కోర్టులో ఒక్క మాట చెప్పండి. వాన మోతలో నాకు సరిగా వినిపించలేదు, మళ్ళీ విచారణ జరిపిస్తాను అని. చెవుల సంగతి కూడా ఎత్తక్కర్లేదు."

"క్రేన్ ఊరుకుంటాడా? ఇంకేం వినిపించలేదని అడగడూ? ఏణ్ణర్థంలో నేను జైలుకి పంపిన ప్రతివాడూ లేచి కూచుంటాడు."

"కూచోనివ్వండి."

"దొంగలూ తాగుబోతులూ ఇళ్ళు తగలబెట్టినవాళ్ళూ..."

"నిజంగా తగలబెట్టారని మీరు విన్నారా?"

అప్పుడు నేను ఒక మాట అన్నాను. కన్న ముగ్గురిలో ఒక్కరినీ దక్కించుకోలేనిదానికి ఊళ్ళోవాళ్ళ ప్రాణాల గొడవెందుకన్నాను. అనకూడనిదేమీ కాదు. నిజమే కదా. ఆమె ప్లేట్లు తీసేసింది. ఆ తర్వాత ఏదో అంది గానీ అప్పటికే వంటింట్లో ఉంది.

సెప్టెంబరు 14

క్రేన్ మళ్ళీ విచారణ కోరుతూ దరఖాస్తు పెట్టాడు. టటిల్ ప్రమాణపత్రం జతచేశాడు. న్యాయం స్పష్టంగా ఉంది. జ్యూరీలో కూచున్నవాడు తీర్పయ్యాక తన తీర్పుని తానే కాదనడానికి వీల్లేదు. వీలుంటే ఏ కేసూ ఎన్నటికీ తెగదు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పేది రికార్డు ఒక్కటే. రికార్డులో అవునని ఉంది. ఇరవై పుస్తకాల నుంచి ఉదాహరణలు చెప్పాను. లాయర్లు అందరూ తలలూపారు. ఇంత బాగా నేను మాట్లాడి చాలా కాలమైంది.

అంతలో టటిల్ లేచాడు. వాడి గొంతు నాకు వినబడడం అదే మొదటిసారి. అరిచాడు.

"నేను కాదన్నాను. ఆయనకి వినబడలేదు. ఆయనకి చెవుడు."

కోర్టు కోర్టంతా నావైపు తిరిగింది. నేను తొందరపడలేదు. అందరి మొహాలూ మెల్లగా చూసుకుంటూ వెళ్ళాను. ఆఖరి బెంచీలో ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గరపెట్టుకున్నారు. ఒకామె పెదాలు, పాపం టటిల్, వాళ్ళావిడ పోయినప్పట్నుంచీ ఇంతే, అంటున్నాయి. నేను షెరీఫ్‌ని పిలిచి, "ఆ చివర కూచున్న అమ్మలకి మిస్టర్ టటిల్ భార్య గురించి మాట్లాడుకోవాలని ఉంటే బయట అరుగుంది, అక్కడ మాట్లాడుకోమను. వాళ్ళ గుసగుసలతో నాకిక్కడ చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాను.

ఆడవాళ్ళిద్దరూ మొహాలు ఎర్రబడి లేచారు. తర్వాత నవ్వు. కోర్టంతా టటిల్‌ని చూసి నవ్వింది. నవ్వు నాకు బల్ల అదురులో తెలుస్తుంది. కోర్టు ధిక్కారం కింద వాడికి పది రోజులు జైలు వేశాను.

తర్వాత రూక్‌ని నిలబెట్టి, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగాను. ఏదో చెప్పాడు. ప్రూయిట్ కలం పడుకోబెట్టేదాకా ఆగి, ఉరిశిక్ష వేశాను. అక్టోబరు ఇరవయ్యెనిమిది, శుక్రవారం.

సెప్టెంబరు 18

మూడు ఊళ్ళలో ఉపన్యాసాలు. జనం కిటకిట. గుసగుసల కథ అన్నిచోట్లా నాకంటే ముందే చేరిపోయింది. నన్ను పరిచయం చేసేవాళ్ళు దాన్నే చెబుతున్నారు. పాము బుస కూడా వినగలిగే జడ్జి అన్నాడట ఒకడు. పత్రికలో చదివాను.

సెప్టెంబరు 25

టటిల్ నిన్న విడుదలయ్యాడు. వాడు లోపల ఉండగా ఎవరో తాగి వాడి తేనెపెట్టెలన్నీ తన్ని బోర్లించారట. మా పార్టీవాళ్ళేనని అంటున్నారు. ఈగలు లేచిపోయాయి. విచారించాల్సిన విషయమే. కానీ నాదాకా ఫిర్యాదు రాలేదు.

అక్టోబరు 5

కెజయా రూక్ వచ్చింది. ఆర్మిల్డా తలుపు తీసి, లోపలికి తెచ్చి, తాను గదిలోంచి వెళ్ళిపోయింది. రూక్ పెళ్ళాం నా ఎదురుగా కూచుని మాట్లాడుతూ పోయింది. పెదాలు పగిలి ఉన్నాయి, మాటమాటకీ వణుకుతున్నాయి. సగం పట్టుకోగలిగాను. గవర్నరుగారిని కలిసిందిట. శిక్ష వేసిన జడ్జి ఒక్క వాక్యం, నాకు అనుమానం ఉంది అని రాస్తే చాలు, ఉరి మాని యావజ్జీవం చేస్తానన్నాడట.

"వదిలెయ్యమని అడగడం లేదండీ. బతకనిస్తే చాలు. జైలుకెళ్ళి చూసుకుంటాను. ఒక్క ముక్క రాయండి బాబూ."

"ఇప్పుడు రాస్తే ఎన్నికల కోసం రాశాననుకుంటారమ్మా. నీ భర్తకే చెడ్డ. పదకొండు దాటనియ్యి. దాటాక రాస్తాను."

"మాటేనా అండీ?"

"మాటే."

నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఈ మాట నేను మనస్ఫూర్తిగానే ఇచ్చాను. ఇవాళ మనసు చాలా తేలిగ్గా ఉంది.

అక్టోబరు 12

గెలిచాను. నలుగురిలో ఎక్కువ ఓట్లు నాకే. ఆరేళ్ళు.

అక్టోబరు 13

ప్రూయిట్ పెట్టె సర్దుకుంటున్నాడు. తీసుకెళ్ళక తప్పదు.

అక్టోబరు 16

రేపు గవర్నరుకి రాస్తాను.

అక్టోబరు 17

పొద్దున్నుంచీ వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. అందరికీ చేతులు కలపడంతోనే సరిపోయింది.

అక్టోబరు 18

నాలుగుసార్లు మొదలుపెట్టాను. అనుమానం ఉంది అని రాస్తే, ఎందుకుంది అని అడుగుతాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదు అంటాడు. ఓటేసినవాళ్ళకి నేనేం జవాబు చెప్పాలి? ఇందరు నమ్మి పంపాక వారం తిరక్కుండా నా తీర్పుని నేనే తప్పనడం వాళ్ళని అవమానించడమే. పైగా రూక్ ఆ పని చెయ్యలేదని ఎవరన్నారు? టటిల్ కూడా అనలేదు.

అక్టోబరు 19

ప్రూయిట్ కుడిచెయ్యి బల్లమీద పెట్టి ఉంది. రెండు వేళ్ళు. చూపుడువేలి చివర సిరా మరక. కప్పుమీద వాన.

అక్టోబరు 21

గవర్నరే రాశాడు. ఉరికి వారమే ఉంది, రూక్ భార్య మీరు ఏదో రాస్తారని చెప్పింది, మీ అభిప్రాయం వెంటనే తెలపండి అని. ఇక ఆలస్యం చేయడం మర్యాద కాదు. ఒకే వాక్యంలో జవాబు రాశాను.

"టిల్మన్ రూక్ విచారణలో గానీ, జ్యూరీ తీర్పులో గానీ ఏ లోపమూ నా చెవిన పడలేదు."

రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నేనే వెళ్ళి తపాలాలో వేసి వచ్చాను.

అక్టోబరు 28, శుక్రవారం

వెళ్ళకపోతే భయపడ్డాడని అవతలి పార్టీ పత్రిక రాస్తుంది. అందుకని వెళ్ళాను. జైలు పెరట్లో ఎత్తయిన చెక్కకంచె కట్టారు. చీటీలున్న అరవైమందిని రానిచ్చారు. నాకు ముందు వరసలో కుర్చీ. పక్కన ప్రూయిట్. టటిల్‌కి చీటీ ఎవరిచ్చారో తెలియదు, కంచెకి ఆనుకుని నిలబడ్డాడు. కెజయాని లోపలికి రానివ్వలేదు. ఆర్మిల్డా ఆమెతో కంచె బయట ఉందట.

పదిన్నరకి రూక్‌ని తెచ్చారు. బాగా చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. షెరీఫ్ ఏదో అడిగాడు. రూక్ ముందుకి ఒక అడుగు వేసి మాట్లాడాడు. ఎండ వాడి వెనకనుంచి పడుతోంది. మొహమంతా నీడ. గొంతు లేదు, పెదాలు లేవు. నా బతుకులో అంత నిశ్శబ్దం చూడలేదు.

రెండు నిమిషాలు మాట్లాడి ఉంటాడు. నడుమ ఒకసారి అరవైమందీ నావైపు తిరిగారు. వాడు ఆగాడు. ఎదురుచూస్తున్నాడని అర్థమైంది. నేను ప్రూయిట్ చేతులకేసి చూశాను. రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

నేను తలూపాను. నిదానంగా, గంభీరంగా, కోర్టులో ఊపినట్టే. ఎవరేం చెప్పినా చెడ్డ కానిది అదొక్కటే.

టటిల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పాదిరీ నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. రూక్ ఇంకేమీ మాట్లాడలేదు. మొహంమీద గుడ్డ వేశారు. వాడు నిలబడ్డ చెక్కతలుపు కిందికి పడింది. ఆ దెబ్బ నా కాళ్ళకింద నేలలో తెలిసింది.

అక్టోబరు 29

ప్రూయిట్‌ని అడిగాను.

"ప్రార్థన చేశాడండి."

"నావైపు ఎందుకు చూశారు అందరూ?"

"మీ గురించి కూడా ప్రార్థన చేశాడండి."

షెరీఫ్‌ని అడిగాను. వాడి చెప్పుల జత తమ్ముడికి ఇమ్మన్నాడు, అంతే అన్నాడు. పాదిరీ ఇంటికి వెళితే బయటికి వెళ్ళారని చెప్పారు. కిటికీ తెర కదిలింది. పత్రికలో, ఖైదీ చివరగా కొన్ని మాటలు పలికాడు, గౌరవనీయులైన జడ్జి హాస్కిన్ వాటికి సమాధానమిచ్చారు, అని ఉంది. ఆ మాటలేమిటో లేవు. సంపాదకుడికి చీటీ రాశాను. జవాబు రాలేదు.

నేను దేనికి తలూపాను?

అక్టోబరు 31

మంగలి దుకాణంలో ఇవాళ ఇద్దరు నా ఎదుటి బెంచీమీద కూచున్నారు. ఒకడు, "జడ్జిగారూ, రాజధానికి ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అన్నాడు. వచ్చే వారం అని చెప్పాను. మంగలి కత్తి ఆగిపోయింది. అద్దంలో చూస్తే దుకాణంలో అందరూ నన్నే చూస్తున్నారు. మళ్ళీ వాడే, "అక్కడ చలి ఎక్కువటగా?" అన్నాడు. మా ఇంట్లో పొయ్యి బాగానే రాజుకుంటుందిలే అన్నాను.

అందరూ నవ్వారు. పొట్టలు పట్టుకుని, తలలు వెనక్కి వేసి నవ్వారు. ఒకడు బెంచీమీంచి జారిపోయాడు. అప్పుడు అర్థమైంది. వాడు ఆ రెండు ప్రశ్నలూ గొంతు లేకుండా అడిగాడు. పెదాలు మాత్రం కదిపాడు.

సగం గడ్డం సబ్బుతోనే ఇంటికొచ్చాను. నవ్వుకోనివ్వు. ఆరేళ్ళు నన్నెవరూ కదపలేరు.

నవంబరు 2, బుధవారం

బండి వచ్చే శనివారం. నా పెట్టెలు మూడు కట్టి హాల్లో పెట్టారు. ఆర్మిల్డా తన బట్టలు ఒక్కటీ తియ్యలేదు. నేను అడగలేదు. కెజయా రూక్ మా వెనక గదిలో ఉంటోందని వంటింట్లో రెండో టోపీ చూస్తే తెలిసింది. అదీ అడగలేదు.

ఒక్కటి మాత్రం అడిగాను. పొద్దున ఆమె కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆర్మిల్డా. ఆ రోజు రూక్ ఏమన్నాడు?"

ఆమె బఠాణీలు ఒలుస్తూనే ఉంది.

"కంచె బయటికి వినిపించి ఉంటుంది. నీకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. నాతో ఏమన్నాడు? నేను దేన్ని ఒప్పుకున్నాను?"

తలెత్తి నన్ను చూసింది. ముప్ఫయ్యొక్కేళ్ళ కాపురంలో నేను ఆమెని బతిమాలడం ఇదే మొదలని ఇద్దరికీ తెలుసు.

"కూచోండి, చెబుతాను" అంది.

కూచున్నాను. గిన్నె పక్కన పెట్టి, చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని లేచింది. నా కుర్చీ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది. రెండు చేతులూ నా భుజాలమీద వేసింది. మెడమీద ఆమె ఊపిరి తగిలింది. వెచ్చగా, ఆగి ఆగి, మాటమాటకీ విడివిడిగా. చాలాసేపు చెప్పింది. ఒక్క మాట కూడా దాచకుండా మొత్తం చెప్పి ఉంటుంది, ఆమె అబద్ధం ఆడదు. నేను తిరగబోతే భుజాలు గట్టిగా అదిమి పట్టుకుంది. ఆ చేతుల్లో అంత బలం ఉందని నాకు తెలియదు.

తర్వాత వదిలేసి ముందుకి వచ్చి నిలబడింది.

"మళ్ళీ చెప్పు" అన్నాను.

"చెప్పాను కదా" అంది. ఆ మాట మాత్రం నా ఎదురుగా, పెదాలు బాగా కనిపించేలా చెప్పింది.